ఉద్యోగి పొరపాటు, సంస్థ ఏర్పాటు

సంస్థల కంప్యూటర్లలోని సమాచారం బయటికి పొక్కడానికి దొంగల తెలివికంటే లోపలివాళ్ల పొరపాటే ఎక్కువసార్లు దారి చూపుతుంది. వెరైజన్ సంస్థ ప్రపంచవ్యాప్తంగా జరిగిన చొరబాట్లను పరిశీలించి ఏటా ఒక నివేదిక వెలువరిస్తుంది. దురుద్దేశం లేని మనుషుల చేతల వల్ల జరిగినవి 68 శాతం అని 2024 నివేదిక తేల్చింది. మోసపు మెయిల్‌ను నిజమని నమ్మినవాళ్లు, ఒకరికి పోవాల్సిన ఫైలును మరొకరికి పంపినవాళ్లు, సర్వర్‌లో ఒక సెట్టింగు మార్చడం మరిచినవాళ్లు ఈ లెక్కలోకి వస్తారు. వీళ్లలో ఎవరూ సంస్థకు ద్రోహం తలపెట్టలేదు. చాలామంది ఆ రోజు పని త్వరగా ముగించాలనే చూశారు.

మనిషి చేసే పొరపాట్లను బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ 1990లో వెలువడిన తన గ్రంథంలో వర్గీకరించాడు. చేయాలనుకున్నది ఒకటి, చేయి చేసింది మరొకటి అయితే అది మొదటి రకం. ‘రామారావు’ అని టైపు చేయబోతే మెయిల్ చిరునామా పెట్టె ‘రామాంజులు’ అని చూపించడం, చూసుకోకుండా పంపేయడం ఇలాంటిదే. చేయాల్సిన పని మరిచిపోవడం రెండో రకం: ఉద్యోగి బదిలీ అయి వెళ్లాక అతని లాగిన్‌ను రద్దు చేయకపోవడం. మూడోది తప్పుడు అవగాహన. ఎక్సెల్‌లో ఒక షీటును కనబడకుండా దాస్తే అది ఫైలు నుంచి పోయినట్టేనని అనుకోవడం ఈ కోవలోకి వస్తుంది. వీటికి పక్కనే నాలుగోది ఉంది. నిబంధన తెలిసి కూడా దాటడం. పాస్‌వర్డ్‌ను పక్కవాళ్లకు చెప్పడం అందుకు ఉదాహరణ. ఒక్కో రకానికి మందు వేరు. ‘జాగ్రత్తగా ఉండండి’ అనే సర్క్యులర్ మూడో రకానికి కొంత పనికొస్తుంది. మొదటి రెండింటికీ అసలు పనికిరాదు, ఎందుకంటే చేయి తప్పే క్షణంలో మనిషికి తాను తప్పుతున్నట్టు తెలియదు.

తెలుగువాళ్లకు దగ్గరగా జరిగిన ఉదాహరణల్లో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉదంతం అన్నిటికంటే స్పష్టంగా నమోదైంది. 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయి. తెరిచినవాళ్లు ఇద్దరే. ఆ రెండు కంప్యూటర్ల ద్వారా నేరగాళ్లు లోపలికి చేరి, రెండు నెలలపాటు చడీచప్పుడు లేకుండా బ్యాంకు పద్ధతులు గమనించారు. 2022 జనవరిలో 12.48 కోట్ల రూపాయలను కొన్ని ఖాతాల్లోకి, అక్కడి నుంచి వందకు పైగా ఖాతాల్లోకి మళ్లించి, దేశమంతటా ఏటీఎంలలో డ్రా చేశారు. హైదరాబాద్ పోలీసుల దర్యాప్తు మెయిల్ తెరిచిన ఇద్దరి దగ్గరే ఆగలేదు. సర్వాధికారాలుండే సూపర్ యూజర్ ఖాతాలు అవసరానికి మించి ఉన్నాయనీ, తగిన ఫైర్‌వాల్ లేదనీ, ఒక కంప్యూటర్‌లోకి చొరబడినవాడు అసలు సర్వర్ దాకా నడిచిపోకుండా నెట్‌వర్క్‌ను విడదీయలేదనీ బయటపెట్టింది. సైబర్ భద్రతా నియమాలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడాలి. ఒక ఆఫీసులో ప్రతి ఉద్యోగీ మోసపు మెయిళ్లను నూటికి 99 సార్లు పసిగడతాడని అనుకుందాం. అది గొప్ప జాగ్రత్తే. అయినా 200 మెయిళ్లు వస్తే కనీసం ఒకటి తెరుచుకునే అవకాశం 87 శాతం. జాగ్రత్త పదింతలు పెరిగి, వెయ్యికి ఒకసారి మాత్రమే తప్పు జరిగేలా అందరూ మారినా ఆ అవకాశం 18 శాతం దగ్గర మిగిలే ఉంటుంది. పంపేవాడికి మెయిళ్లు పంపడానికి ఖర్చేమీ లేదు; 200 చాలకపోతే 2,000 పంపుతాడు. కాబట్టి ఎవరో ఒకరు నొక్కుతారన్నది ముందే ఒప్పుకుని ఏర్పాట్లు చేసుకోవాలి. మహేశ్ బ్యాంకులో ఇద్దరు మెయిల్ తెరవడం ఎక్కడైనా జరిగేదే. ఆ ఇద్దరి కంప్యూటర్ల నుంచి 12 కోట్లు కదిలించే అధికారం దాకా అడ్డులేని దారి ఉండడమే అక్కడి అసలు లోపం.

డబ్బు పోతే లెక్క తేలుతుంది. సమాచారం పోతే పోయినట్టు తెలియడానికే ఏళ్లు పడుతుంది. దీనికి ఉదాహరణ అనంతపురం కరువు సీమలోనే ఉంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానకు నోచుకునే ఈ మెట్టలో, నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది. అదే జిల్లాలోని గుంతకల్లు చుట్టుపక్కల పల్లెల్లో దాన్ని ‘కరువు పని’ అనే అంటారు. జాబ్ కార్డు, మస్టరు, కొలతలు, కూలి చెల్లింపు అన్నీ కంప్యూటర్‌కెక్కాయి. అంతేకాదు, ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత కూలి పడిందో ఎవరైనా వెబ్‌సైట్‌లో చూసుకునే వీలు కల్పించారు. దొంగ మస్టర్లను పట్టుకోవడానికి, సామాజిక తనిఖీకి ఆ బహిరంగత ఎంతో మేలు చేసింది. దేశానికే ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో దారి చూపింది.

పొరపాటు ఆ మంచి పనిలోనే దూరింది. సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి 2017 మే నెలలో ఒక నివేదిక ప్రచురించారు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు, సుమారు 10 కోట్ల బ్యాంకు ఖాతాల నంబర్లు బహిరంగంగా దొరుకుతున్నాయని అందులో అంచనా వేశారు. ఆ నాలుగింటిలో రెండు కేంద్రానివి, రెండు ఆంధ్రప్రదేశ్‌వి: చంద్రన్న బీమా పోర్టల్, ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల పోర్టల్. వీటిని ఎవరూ హ్యాక్ చేయనక్కరలేకపోయింది. కేంద్ర సామాజిక పింఛన్ల సైటులోనైతే వెబ్ చిరునామాలో ‘నో లాగిన్’ అని ఉన్నచోట ‘లాగిన్’ అని మారిస్తే లోపలి పేజీలు తెరుచుకున్నాయి. ఆధార్ నంబర్లను ప్రచురించకూడదని 2016 నాటి ఆధార్ చట్టమే చెబుతోంది. ఏ ఉద్యోగీ ఆ చట్టాన్ని ధిక్కరించాలని కూర్చోలేదు. రిపోర్టు తయారుచేసేటప్పుడు డేటాబేస్‌లో ఉన్న నిలువు వరుసలన్నీ పేజీలోకి వచ్చేశాయి, ఏ వరుస జనానికి, ఏది ఆఫీసుకు అన్న ప్రశ్న ఎవరి పనిలోనూ భాగంగా లేదు.

ఏడాది తిరిగేసరికి అదే మళ్లీ జరిగింది. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైటులో 1.34 లక్షల లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతంతో సహా కనిపించాయి. అదే రోజుల్లో ప్రయోజనాల పంపిణీ పోర్టల్‌లో సుమారు 89 లక్షల ఉపాధి కూలీల వివరాలు తెరిచి ఉన్నట్టు బయటపడింది. జూన్‌లో అన్న సంజీవిని మందుల షాపుల వంతు వచ్చింది. ఎవరు ఏ మందు కొన్నారో పేరు, ఫోన్ నంబరుతో సహా డ్యాష్‌బోర్డులో దొరికింది. ప్రతిసారీ వార్త రాగానే ఆ పేజీ తీసేశారు. పేజీలు పుట్టే పద్ధతి మాత్రం మారలేదు, అందుకే ఒక శాఖ నేర్చుకున్నది పక్క శాఖకు అందలేదు.

కూలి వివరాలు బయటపడితే ఏం పోతుందని అడిగేవాళ్లుంటారు. ఒక్క చోట బయటపడిన నంబరు నిజంగానే పెద్దగా హాని చేయకపోవచ్చు. రెండు చోట్ల బయటపడినవి కలిస్తే చేస్తుంది. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ సైటు నుంచి దస్తావేజుల నకళ్లు దించుకున్నాడు. వాటి మీద ఆధార్ నంబర్లున్నాయి, వేలిముద్రలూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు తయారుచేసే విధానంలో ఆ ముద్రలకు నకళ్లు పోసి, వేలాది సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. కరువు పని కూలి చాలా పల్లెల్లో వేలిముద్ర వేస్తేనే చేతికందుతుంది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిముద్రను మార్చుకోలేరు. ఆఫీసులో జరిగిన పొరపాటుకు ఆ ఆఫీసు గడప తొక్కని మనిషి జీవితాంతం మూల్యం చెల్లించాల్సి రావచ్చు.

ఇలాంటివి మన దగ్గరే జరుగుతాయనుకోవడం తప్పు. 2023 ఆగస్టు 8న ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ ఒక సమాచార హక్కు దరఖాస్తుకు ఎక్సెల్ ఫైలుతో జవాబిచ్చింది. దాచిన ఒక షీటులో ఆ శాఖలోని దాదాపు పదివేలమంది పేర్లు, హోదాలు ఉండిపోయాయి. ఉగ్రవాదుల బెదిరింపులకు భయపడి తమ ఉద్యోగాన్ని ఇరుగుపొరుగుకు కూడా చెప్పని పోలీసులున్న ప్రాంతం అది. ఫైలు ఒకరికంటే ఎక్కువమంది కళ్లముందు నుంచే పోయింది. చివరికి ఆ శాఖపై ఏడున్నర లక్షల పౌండ్ల జరిమానా పడింది.

మనిషి తప్పుతాడని ముందే ఒప్పుకుని పనిని అమర్చుకున్న రంగం గుంతకల్లుకు బాగా తెలిసినదే. రైల్వే డివిజన్ కేంద్రమైన ఈ ఊళ్లో బళ్లారి, రాయచూరు, డోన్, గుత్తి, ధర్మవరం వైపు లైన్లు కలుస్తాయి. ఇంతటి జంక్షన్‌లో స్టేషన్ మాస్టర్ జ్ఞాపకశక్తిని నమ్ముకుని బండ్లు నడపరు. పాయింట్లు సరైన లైనుకు తిరిగి తాళం పడేదాకా ఆ లైనుకు సిగ్నల్ పడదు; సిగ్నల్ ఇచ్చాక పాయింట్లు కదలవు. దీన్నే ఇంటర్‌లాకింగ్ అంటారు. ఇంగ్లండ్‌లో జాన్ శాక్స్‌బీ 1856లో పేటెంట్ పొందిన ఆలోచన ఇది. స్టేషన్ మాస్టర్ అలసిపోయి ఉన్నా, కొత్తగా చేరినవాడైనా, తప్పు చేయబోతే మీట కదలదు.

యంత్రం లేనిచోట మాటకే తాళం వేశారు. ఇంటర్‌లాకింగ్ లేని లెవెల్ క్రాసింగ్ దగ్గర ఇది చూడవచ్చు. బండి వస్తోందని స్టేషన్ మాస్టర్ ఫోన్‌లో గేట్‌మ్యాన్‌కు చెబుతాడు. గేట్‌మ్యాన్ ‘గేటు వేశాను’ అన్నంత మాత్రాన సరిపోదు. గేటు వేసి, తాళం బిగించి, తన దగ్గరున్న ప్రైవేట్ నంబర్ల పట్టీలో వరుసలో వచ్చే రెండంకెల నంబరు చదివి చెప్పాలి. అవతల స్టేషన్ మాస్టర్ దాన్ని రిజిస్టర్‌లో రాసుకున్నాకే సిగ్నల్ ఇస్తాడు. వాడిన నంబరును అక్కడికక్కడే కొట్టేస్తారు, మరో బండికి అది పనికిరాదు. తలూపినంత తేలిగ్గా ఒప్పుకునే వీలు లేకుండా, ఒక్క క్షణం ఆగి చేతిలోని కాగితం చూసేలా చేయడం ఇందులోని కిటుకు. ఇప్పటి ఓటీపీ కూడా ఇదే పద్ధతిలో ఒకసారి వాడి పారేసే నంబరు.

శిక్షణ ఎంత ఇచ్చినా చాలదని రైల్వేకు బాధాకరంగా తెలిసిన సందర్భాలున్నాయి. 2012 మే 22 తెల్లవారుజామున, గుంతకల్లు మీదుగా బెంగళూరు వెళ్లే హంపి ఎక్స్‌ప్రెస్ పెనుకొండ స్టేషన్‌లో ఎర్ర సిగ్నల్ దాటి, ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొంది. పాతికమంది దాకా చనిపోయారు. ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగాలని డ్రైవర్‌కు తెలియక కాదు. తెలిసినది చేయలేని క్షణం ఒకటి ప్రతి మనిషికీ వస్తుంది, తెల్లవారుజామున మరీ వస్తుంది. ఆ క్షణంలో బండికి తనంతట తానే బ్రేకు పడాలన్నదే కవచ్ వ్యవస్థ వెనకున్న ఆలోచన. సికింద్రాబాద్ నుంచి డోన్ మీదుగా గుంతకల్లు దాకా ఉన్న మార్గం దాన్ని ముందుగా అమర్చినవాటిలో ఒకటి.

ఆఫీసు కంప్యూటర్లకు ఇదే సూత్రాన్ని వర్తింపజేస్తే మొదట మారాల్సింది లాగిన్. పాస్‌వర్డ్‌ను మనిషి చేత చెప్పించవచ్చు. ఓటీపీని కూడా నకిలీ పేజీలో టైపు చేయించవచ్చు. యూఎస్‌బీ పోర్టుకు పెట్టే సెక్యూరిటీ కీ, లేదా ఫోన్‌లోనే ఉండే పాస్‌కీ అలా కాదు. అవి వెబ్‌సైట్ అసలు చిరునామాను తామే సరిచూసుకుంటాయి, నకిలీ పేజీకి జవాబివ్వవు. ఉద్యోగి పూర్తిగా మోసపోయినా అతని తాళం మోసపోదు. 2017 మొదట్లో 85,000 మందికి పైగా ఉన్న తన సిబ్బంది అందరికీ ఈ కీలు ఇచ్చాక, ఆఫీసు ఖాతాల్లో ఒక్కటి కూడా మోసపు మెయిళ్లకు చిక్కలేదని గూగుల్ మరుసటి ఏడాది ప్రకటించింది. మరోవైపు, మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలనే పాత నియమాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే వదిలేసింది. బలవంతంగా మార్పిస్తే జనం చివర ఉన్న అంకెను మాత్రం పెంచుకుంటూ పోతారు, లేదా కాగితం మీద రాసి మానిటర్‌కు అంటిస్తారు. మన ఆఫీసుల్లో ఆ నియమం ఇంకా చాలాచోట్ల నడుస్తోంది, తీసేయడమే మంచిది.

తరవాతిది అధికారాల పంపకం. గుమస్తాకు తన పనికి కావలసినంతే కనబడాలి, అంతే కదిలించగలగాలి. పెద్ద చెల్లింపుకు ఒకరు నమోదు చేయడం, మరొకరు ఆమోదించడం బ్యాంకుల్లో పాత అలవాటే. అదే అలవాటు వెయ్యిమంది వివరాలున్న ఫైలు బయటికి వెళ్లేటప్పుడూ ఉండాలి. ఆధార్ నంబర్లను ప్రతి శాఖా తన డేటాబేస్‌లలో చెల్లాచెదురుగా ఉంచకుండా, ఒక్క ఆధార్ డేటా వాల్ట్‌లో భద్రపరచి, మిగతా అన్నిచోట్లా దానికి బదులు ఒక సంకేత సంఖ్య వాడాలని ఆధార్ ప్రాధికార సంస్థ 2017 జులైలో ఆదేశించింది. 2017 నివేదిక చూపిన జబ్బుకు అసలైన వైద్యం ఇదే. రిపోర్టు రాసే ఉద్యోగి మరిచిపోయి అన్ని వరుసలూ పేజీలో పెట్టినా, అక్కడ పెట్టడానికి అసలు నంబరు ఉండదు. ఉపాధి హామీ బహిరంగతకు దీనివల్ల నష్టమేమీ లేదు. దొంగ మస్టరు పట్టుకోవడానికి పేరు, పని, రోజులు, కూలి చాలు.

నిబంధన తెలిసి కూడా దాటడం వెనక చాలాసార్లు పనిభారం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలను ఊహించుకుంటే ఇది అర్థమవుతుంది. పింఛన్ కోసం, ధ్రువపత్రాల కోసం జనం వరుసకట్టి నిలబడి ఉంటారు. సర్వర్ నెమ్మదిగా ఉంటుంది. లాగిన్ ఉన్న ఉద్యోగి మీటింగుకో, సెలవు మీదో వెళ్లి ఉంటే, ఎండలో నడిచి వచ్చిన ముసలమ్మను తిప్పి పంపలేక పక్క సీటువాళ్లు ఆ పాస్‌వర్డ్ అడిగి పని కానిస్తారు. అది దయతో చేసిన పని. ఆ దయ మీద కేసు పెడితే ముసలమ్మకూ ఉపయోగం లేదు, భద్రతకూ లేదు. లేనివాళ్ల బదులు పనిచేసేవాళ్లకు వాళ్ల పేరు మీదే, ఆ పూటకు చెల్లే లాగిన్ పది నిమిషాల్లో ఇచ్చే ఏర్పాటుంటే పాస్‌వర్డ్ చేతులు మారదు. ఎక్కడ పాస్‌వర్డ్ పంచుకుంటున్నారో అక్కడ ఏదో ఒక పని సూటిగా జరగడం లేదని అర్థం.

శిక్షణ విషయంలో పరిశోధకుల అనుభవం సంస్థలు ఆశించేదానికి భిన్నంగా ఉంది. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు ఒక కంపెనీలో 14,000 మందికి పైగా ఉద్యోగులను 15 నెలలపాటు పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఉత్తుత్తి మోసపు మెయిల్‌కు చిక్కినవాళ్లకు వెంటనే పాఠం చూపించే పద్ధతి వాళ్లను గట్టిపరచకపోగా, మరింత తేలిగ్గా చిక్కేలా చేసింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియేగో వైద్య విభాగంలో 19,500 మంది మీద ఎనిమిది నెలలు జరిగిన అధ్యయనంలో శిక్షణ పొందినవాళ్లకూ పొందనివాళ్లకూ తేడా 1.7 శాతమే. అయితే జ్యూరిక్ అధ్యయనంలోనే ఆశపుట్టించే విషయం మరొకటి తేలింది. అనుమానం వచ్చిన మెయిల్‌ను తెలియజేయడానికి ఒక మీట పెడితే ఉద్యోగులు నెలల తరబడి విసుగు లేకుండా దాన్ని వాడారు. కొత్తరకం మోసాన్ని కొద్ది నిమిషాల్లోనే ఎవరో ఒకరు పట్టించారు. ఉద్యోగులందరూ ప్రతిసారీ తప్పించుకోవాలంటే అసాధ్యం, అందరిలో ఒకరు ముందు పసిగట్టి చెప్పడం సాధ్యమే.

ఆ చెప్పడం త్వరగా జరగాలి. వెరైజన్ 2024 నివేదిక లెక్కలో మోసపు మెయిల్ తెరిచినవాళ్లు మధ్యగత లెక్కన 21 సెకన్లలో లింకు నొక్కుతున్నారు, మరో 28 సెకన్లలో వివరాలు ఇచ్చేస్తున్నారు. నిమిషం లోపలే జరిగిపోయే ఈ పనిని అడ్డుకునే వ్యవధి పై అధికారికి ఉండదు. జరిగిన మరుక్షణం ఉద్యోగి నోరు విప్పితే మాత్రం ఆ కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి తప్పించవచ్చు, ఖాతాను స్తంభింపజేయవచ్చు. మెమో ఇస్తారనో, ఇంక్రిమెంట్ ఆపుతారనో భయముంటే ఎవరూ చెప్పరు. మహేశ్ బ్యాంకులో మెయిల్ తెరిచిన రోజుకూ డబ్బు పోయిన రోజుకూ మధ్య రెండు నెలలున్నాయి. పొరపాటున నొక్కి వెంటనే చెప్పినవాళ్లకు శిక్ష ఉండదని సంస్థ రాతపూర్వకంగా ప్రకటించాలి, ఆ మాట మీద నిలబడాలి. పైకి చెప్పాల్సిన గడువులూ చిన్నవే: సైబర్ సంఘటన తెలిసిన ఆరు గంటల్లోపు కేంద్ర సైబర్ అత్యవసర స్పందన సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం. డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మొత్తం ఆగే అవకాశం ఉంటుంది.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో ఆమోదం పొందింది. తగిన భద్రతా ఏర్పాట్లు చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఆ చట్టంలో జరిమానా సంస్థ మీదే పడుతుంది, వేలు తప్పిన ఉద్యోగి మీద కాదు. అది సరైన నిర్ణయం. కానీ వసూలైన జరిమానా భారత సంచిత నిధికి జమ అవుతుంది. ఆధార్ నంబరు, ఖాతా వివరాలు బయటపడిన కరువు పని కూలీకి అందులోంచి పరిహారం ఇచ్చే ఏర్పాటు చట్టంలో లేదు.